విజయనగరం నుంచి కోటగిరికి సొంత కారులో: అమ్మతో, చిన్నపిల్లతో వెళ్లొచ్చా?

కోట జంక్షన్:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఈసారి సిరిమానోత్సవం అయిపోగానే కారు తీసి నీలగిరుల్లోని కోటగిరి వెళ్దామని ఇంట్లో అనుకుంటున్నాం. ఊటీ వద్దు, ఆ జనం, ఆ హారన్లు మా వల్ల కాదు. టీ తోటల్లో ఓ చిన్న రిసార్టు, వరండాలో నాలుగు కుర్చీలు, టీవీ లేకపోయినా పర్వాలేదు. అరకు మాకు పెరడు లాంటిది, పైగా అక్కడున్నది కాఫీ.

సమస్యేంటంటే నడిపేది నేనొక్కడినే, మా ఆవిడకు లైసెన్సుంది గానీ హైవే ఎక్కదు. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. చిన్నదానికి అనంతగిరి ఘాట్‌లోనే వాంతులకు రెండు కవర్లు కావాలి. మొత్తం వారం రోజులు సెలవు దొరుకుతుంది. ఏ దారిలో వెళ్లాలి, రాత్రిళ్లు ఎక్కడ ఆగాలి, అసలు ఇది పెద్దావిడతో చేసే పనేనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సాలూరు స్టీరింగ్:
దారి సంగతి నేను చెప్తా. ఆనందపురం దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కి అనకాపల్లి, రాజమండ్రి, ఏలూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు. చాలామంది అక్కడి నుంచి నేరుగా చెన్నై వెళ్లి ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, అక్కర్లేదు. నాయుడుపేట దగ్గర కుడివైపు తిరిగి శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు మీదుగా వేలూరు. అక్కడి నుంచి కృష్ణగిరి, సేలం, అవినాశి, మెట్టుపాళయం, ఆ పైన కోటగిరి. ఒకవైపే 1,300 కిలోమీటర్లు దాటుతుంది బాబూ. మెట్టుపాళయం దాకా రోడ్డు బాగుంటుంది, కష్టమల్లా దూరమే.

ఒక్కడే డ్రైవర్ అంటున్నారు కాబట్టి మొదటి రాత్రి ఒంగోలు, రెండో రాత్రి తిరుపతి, మూడో రాత్రి సేలం చుట్టుపక్కల. నాలుగోరోజు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి కొండ మీద ఉంటారు. కొండ మాత్రం పగలే ఎక్కండి. టోల్‌కి ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే సొంత కారుకి జాతీయ రహదారి టోల్‌గేట్లు 200 సార్లు దాటొచ్చు, ఇంత దూరానికి అది లాభమే. రాష్ట్ర రహదారుల గేట్లకు మామూలుగా కట్టాల్సిందే.

ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి. వెళ్లడానికి నాలుగు, రావడానికి నాలుగు. వారం సెలవులో వరండా కుర్చీ ఎప్పుడు వాడతారు?

ఉద్దానం జీడి:
నా అభ్యంతరం దూరం గురించి కాదు, నెల గురించి. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం, అంటే దాదాపు అక్టోబరు. ఆ నెల మన తీరానికి ఎలాంటిదో నేను చెప్పాలా? హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11. తిత్లీకి మా వైపు జీడి తోటలు, కొబ్బరి చెట్లు ఏమైపోయాయో చూసినవాళ్లం, అక్టోబరులో దూరప్రయాణం అంటేనే మాకు గుండె దడ.

అక్కడ కూడా అంతే. నైరుతి వానలు ఊటీ అవతలి పడమటి వైపు ఎక్కువ కురుస్తాయి, కోటగిరి, కూనూరు ఉన్న తూర్పు వైపును తడిపేది ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు చివర మొదలై డిసెంబరు దాకా ఉంటాయి, ఘాట్ రోడ్ల మీద మట్టిచరియలు జారేది అప్పుడే. 2009 నవంబరులో రోడ్లు తెగిపోయి చాలా ప్రాణాలు పోయాయి. సంక్రాంతి జనం తగ్గాక జనవరి ఆఖరు, ఫిబ్రవరి చూసుకోండి. ఆకాశం తేటగా ఉంటుంది, చలి మాత్రం గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు కావాలి. చలికి ఆకు నెమ్మదిగా పెరిగే ఆ రోజుల్లో తయారయ్యే టీకి వాసన బాగుంటుందని అక్కడివాళ్లు దాన్ని విడిగా అమ్ముతారు కూడా.

ఏప్రిల్, మేలలో మాత్రం వెళ్లకండి. ఊటీకి కూనూరు మీదుగా ఎక్కించి కోటగిరి మీదుగా దించుతూ వన్‌వే పెడుతుంటారు, మీరు పారిపోదామనుకున్న జనమే మీ రిసార్టు ముందు నుంచి దిగుతారు.

బొబ్బిలి వీణ:
అన్నయ్యగారూ, కారు ఇంట్లో పెట్టి బొకారో రైలు ఎక్కండి. విజయనగరంలో ఎక్కితే సేలం, ఈరోడ్ దాటి తిరుప్పూరు వస్తుంది. అక్కడ దిగి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకుంటే అవినాశి మీదుగా మెట్టుపాళయం ఎంతో దూరం లేదు. అమ్మగారు బెర్తు మీద కాళ్లు చాపుకుని పడుకుంటారు. కారులో గంటల తరబడి మోకాలు మడిచి కూర్చుంటే ఆ నొప్పి కొండ మీద ఉన్నన్నాళ్లూ వదలదు, మా అత్తగారితో పడ్డాను కాబట్టి చెప్తున్నా. బండి లేటయితే అవనీండి, డ్రైవింగ్ మీ నెత్తిన ఉండదు కదా.

రిసార్టు బుక్ చేసేముందు ఫొటోలు చూసి మురిసిపోకుండా ఫోన్ చేసి అడగండి: పార్కింగ్ నుంచి గదికి ఎన్ని మెట్లు, వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి, రాత్రి భోజనం అక్కడే వండుతారా. టీ తోట అంటేనే ఏటవాలు. "వ్యూ బాగుంటుంది" అన్న గది చాలాసార్లు మెట్ల అడుగున ఉంటుంది. పచ్చడి సీసా ఒకటి పెట్టుకెళ్లండి, పెద్దవాళ్లకి రెండోరోజుకే సాంబారు మొహం మొత్తుతుంది.

సముద్రం చాలు:
ఇదంతా ఎందుకండీ, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే పొట్టంగి, దేవమాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ. పొద్దున్న వెళ్లి రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

సాలూరు స్టీరింగ్:
దేవమాలి బ్రహ్మాండం, కాదనను, కానీ ఆయన అడిగింది టీ తోట. ఘాట్ ప్రాక్టీసుకి మాత్రం సుంకి మంచిదే, మా ఊరి లారీల వెనక గంట నడిపితే ఓర్పు దానంతటదే వస్తుంది. ఎక్కేవాడికి దారి ఇవ్వాలి, ఎక్కిన గేరులోనే దిగాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది, న్యూట్రల్ మాట అసలు తలవొద్దు.

కోట జంక్షన్:
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ ఇదంతా చదివి రైలుకే ఓటేసింది, ఫిబ్రవరికి మార్చేశాం. వచ్చేటప్పుడు తిరుపతిలో దిగాలని అమ్మ పట్టు. ఇంకో రెండు సందేహాలు: నీలగిరుల్లోకి వెళ్లే బండ్లకు ఈ-పాస్ అంటున్నారు, అద్దె కారుకీ కావాలా? చిన్నదాని వాంతుల సంగతేంటి?

బొబ్బిలి వీణ:
కావాలి. మద్రాసు హైకోర్టు చెప్పడంతో 2024 మే నుంచి పెట్టారు, కోటగిరి నీలగిరి జిల్లాలోదే కాబట్టి బయటి జిల్లా కార్లన్నిటికీ వర్తిస్తుంది. డబ్బులేం ఉండవు, తమిళనాడు ప్రభుత్వ సైటులో కారు నంబరు, తేదీలు ఇస్తే వచ్చేస్తుంది. సెలవుల్లో రోజుకి ఇన్ని బండ్లే అని పరిమితి పెడుతున్నారు, అందుకే మామూలు రోజుల్లో ఎక్కండి. డ్రైవర్‌ని ముందే తీసి ఉంచమనండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు చెక్‌పోస్టులో ఆపేస్తారు, స్టీలువి పట్టుకెళ్లండి. తిరుమల 300 రూపాయల టికెట్లు నెలల ముందే అయిపోతాయి, రైలు టికెట్ కంటే ముందు అవి చూడండి.

పాపకి కొండ ఎక్కేముందు కడుపునిండా పెట్టొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. ఫోన్ చేతికివ్వకండి, దూరంగా రోడ్డు చూడమనండి. మందు కావాలంటే పిల్లల డాక్టర్‌ని అడిగే వేయండి. మెట్టుపాళయం నుంచి నేరుగా కోటగిరి రోడ్డు పట్టుకోమనండి, కూనూరు ఘాట్ మీద కంటే మలుపులు నయం.

ఉద్దానం జీడి:
ఒకటి మర్చిపోయాం. చీకటి పడ్డాక, తెల్లారకముందు తోటలో నడకకు వెళ్లకండి. అక్కడ అడవిదున్నలు టీ చెట్ల మధ్యే మేస్తుంటాయి, ఎలుగుబంట్లూ ఉన్నాయి. ఎలుగు మా మందస, సోంపేట వాళ్లకు కొత్త కాదనుకోండి, విజయనగరం వాళ్లు జాగ్రత్త.