అప్‌డేట్: ఎక్స్‌లిబ్‌లో రంగు మార్చబోతే బ్యాడ్‌యాక్సెస్ అన్న ప్రశ్న తేలింది

గుర్తుందా, ఎక్స్‌లిబ్‌తో (ఎక్స్ విండో వ్యవస్థలో తెర మీద గీయడానికి వాడే సీ లైబ్రరీ) పొందూరులో నేత నేసే మా మావయ్య కోసం చీర అంచు రంగులు తెర మీద మార్చి చూపే ప్రోగ్రాం రాస్తున్నానని, రంగుల పట్టికలో ఒక గడి రంగు మార్చే ఎక్స్‌స్టోర్‌కలర్ దగ్గర బ్యాడ్‌యాక్సెస్ (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తోందని అడిగాను. తప్పు నాదే. మార్చుకోగల గళ్లు అడిగే ఎక్స్‌అలాక్‌కలర్‌సెల్స్ సున్నా (అంటే గళ్లు దొరకలేదని) తిరిగిస్తుంటే నేను చూసుకోలేదు. నా లాప్‌టాప్‌ది ట్రూకలర్ విజువల్ (పిక్సెల్ విలువలోనే రంగు ఉండే తెర పద్ధతి), అందులో కలర్‌మ్యాప్ (రంగుల పట్టిక) గళ్లు చదవడానికే గానీ రాయడానికి కావు. పాత 8 బిట్ల సూడోకలర్‌లో (పిక్సెల్ విలువ అంటే పట్టికలో గడి సంఖ్య) అయితే 256 గళ్లుండేవి, ఒక గడి మారిస్తే ఆ రంగున్న చోటల్లా దానంతట అదే మారిపోయేది. నేను చదివిన పాఠం ఆ కాలంది మరి!

ఇప్పుడు రంగు మారినప్పుడల్లా ఎక్స్‌అలాక్‌కలర్‌తో కొత్త పిక్సెల్ విలువ తీసుకుని, అంచు మళ్లీ గీస్తున్నాను. అక్కడా ఓ పూట పోయింది, ఎరుపు ఇస్తే నలుపే వచ్చేది. రంగు వివరాలుండే ఎక్స్‌కలర్ స్ట్రక్చర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 0 నుంచి 65535 దాకా, నేనేమో 255 ఇచ్చాను. 257తో గుణిస్తే సరిపోయింది. పాత పద్ధతి చూడాలనుంటే జెఫిర్‌ని (Xephyr, ఒక విండోలోనే నడిచే మరో ఎక్స్ సర్వర్) 8 బిట్ల తెరతో తెరవండి.

మావయ్య చూసి, "ఆకుపచ్చ ఇంకాస్త ముదురుండాల్రా" అన్నాడు, అంతే.