అన్నం ప్రధానమైన ఇంట్లో రోజుకు అర కిలో కూరగాయలు, పండ్లు తినడం సాధ్యమేనా?

ప్రశ్న:
హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తి 400 గ్రాముల కూరగాయలు (అందులో 100 గ్రాములు ఆకుకూరలు), 100 గ్రాముల పండ్లు తినాలి. ఆ లెక్కన నలుగురున్న మా ఇంటికి రోజూ రెండు కిలోలు కావాలి. ఒక కూర, పప్పు, పచ్చడి, పెరుగుతో భోజనం ముగించే మాకు ఇది కుదిరే మార్గం ఏమిటి? పైగా పిల్లలు ఆకుకూర ముట్టరు.

సమాధానం 1:
ఆ తూకం వండకముందుదండీ. పెద్ద తోటకూర కట్ట కూడా ఉడికేసరికి గుప్పెడవుతుంది కనుక, చూడటానికి ఉన్నంత భారం తినేటప్పుడు ఉండదు. అసలు చిక్కంతా కూరకూ అన్నానికీ ఉన్న పాళ్లలోనే ఉంది. ఉప్పూ కారం దట్టించిన వేపుడైతే రెండు చెంచాలతోనే కంచంలోని అన్నమంతా తినేస్తాం. అదే బీరకాయనో సొరకాయనో కారం తగ్గించి పాలు పోసి గాని, పెసరపప్పు వేసి గాని వండితే, అంతే అన్నంలోకి రెట్టింపు కూర పడుతుంది. కొత్త వంటకాలు వెతకడం కంటే ఇదే తేలికని నా అభిప్రాయం. బంగాళదుంపను మాత్రం ఈ లెక్కలో కలపకండి. ఆవకాయ సంగతి సరేసరి.

సమాధానం 2:
పిల్లల కోసం తోటకూరనో మునగాకునో సన్నగా తరిగి పెసరట్టు పిండిలో కలపండి. ఉల్లిపాయ, అల్లం తోడైతే వారు పెద్దగా పట్టించుకోరు. ఆకుకూర పప్పు దించాక నిమ్మరసం పిండితే, అందులోని ఇనుమును శరీరం మెరుగ్గా గ్రహిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. పండ్ల విషయానికి వస్తే, ఖరీదైన యాపిల్ కోసం చూడనక్కరలేదు; మన జామకాయలో విటమిన్ సి నారింజలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పండును రసం తీసి వడకడితే పీచు చాలావరకు పోతుంది కాబట్టి, కొరికి తినడమే మంచిది.

సమాధానం 3:
పై సలహాలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలిచాను. ఇంట్లో మూత్రపిండాల జబ్బు ఉన్న పెద్దవారెవరైనా ఉంటే, ఆకుకూరలు, అరటిపండ్లు, కొబ్బరినీళ్ల వంటి పొటాషియం ఎక్కువగా ఉండేవాటిని వైద్యుణ్ణి అడగకుండా పెంచకండి. మధుమేహం ఉన్నవారు పండ్లు పూర్తిగా మానేయనక్కరలేదు గాని, భోజనం మీద మామిడిపండు తినే అలవాటు ఉంటే ఆ మేరకు అన్నం తగ్గించుకోవాలి.