అప్‌డేట్: లైవ్ సౌండ్ నేర్చుకోవడానికి కోర్సా, పనా అని అడిగాను

డిగ్రీ అయ్యాక అప్పు చేసి సౌండ్ కోర్సులో చేరాలా, లేక సౌండ్ సిస్టమ్‌లు అద్దెకిచ్చే వారి దగ్గర పనికి కుదరాలా అని ఎనిమిది నెలల క్రితం అడిగాను. మీలో ఎక్కువ మంది పనే మేలన్నారు. విజయవాడలో చేరాను.

మూడు నెలలు మిక్సర్ (మైకుల, వాద్యాల శబ్దాలను కలిపి సరిచేసే పరికరం) దగ్గరికి రానివ్వలేదు. కేబుళ్లు చుట్టడం, స్పీకర్లు మోయడం, అంతే. అప్పుడు బాధపడ్డాను. ఏ తీగ ఎక్కడికి వెళుతుందో ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలుగుతున్నాను కాబట్టి ఆ బాధ లేదు.

అసలు పాఠం ఒక కచేరీలో దొరికింది. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి గాయకుడి మైకు కూత పెట్టింది. నేను కంగారుగా మొత్తం శబ్దం తగ్గించబోతే మా గురువుగారు ఆపి, గాయకుడికి తన గొంతు వినిపించే మానిటర్ స్పీకర్‌ను మైకు వెనుక వైపుకు జరిపించారు. ఆ రకం మైకు వెనుక నుంచి వచ్చే ధ్వనిని చాలా తక్కువగా తీసుకుంటుంది. తరువాత కూస్తున్న ఒక్క ఫ్రీక్వెన్సీని, ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో కొద్దిగా తగ్గించారు. గొంతు చెడలేదు, కూత పోయింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది కనుక వేదిక దగ్గరి స్పీకర్లకు 34 మీటర్ల వెనుక, ప్రేక్షకుల వైపు పెట్టిన స్పీకర్లకు 100 మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తేనే రెండు శబ్దాలూ కలిసి వినిపిస్తాయని కూడా ఆ రాత్రే తెలిసింది. పుస్తకంలో చదివిన భౌతికశాస్త్రం చెవులకు వినిపించింది!

ఆదాయం మాత్రం నిలకడగా లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక దాదాపు ఖాళీగా ఉన్నాను. ఇయర్‌ప్లగ్‌లు కొనమన్న వారికి ప్రత్యేక కృతజ్ఞతలు, రోజూ వాడుతున్నాను. వచ్చే నెల ఒక చిన్న నాటకానికి మిక్సర్ పూర్తిగా నా చేతికిస్తున్నారు.