మోకాళ్ళ ఆపరేషన్ అయిన అమ్మ కోసం శాన్ స్టార్మ్ బదులు ఏ కారు చూడమంటారు?

సైనిక్‌పురి స్టార్మ్:

నా దగ్గర 2004 మోడల్ శాన్ స్టార్మ్ ఉంది, ఎరుపు రంగుది. తెలియనివాళ్ళకు చెప్తాను. మన దేశంలోనే తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు ఇది. ఫైబర్ బాడీ, లోపల రెనో వాళ్ళ 1149 సీసీ ఇంజన్, 60 హార్స్ పవర్. ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకే అంతకన్నా ఎక్కువ పవర్ ఉంటుందని నాకూ తెలుసు. కానీ బండి తేలిక, మనం కూర్చునేది నేలకు ఆనుకుని. 60 మీద వెళ్తుంటే 100 మీద ఉన్నట్టుంటుంది. రోడ్డు మీద ఏ మలుపు ఎటు వాలుతుందో నడుముకు తెలుస్తుంది.

2008లో నాన్న, నేను కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఆదివారం తెల్లవారుజామున ఈసీఐఎల్ మీదుగా కీసరగుట్టకి వెళ్ళేవాళ్ళం. ఎడమ సీట్లో నాన్న, తలకి మఫ్లర్ చుట్టుకుని. దర్శనం చేసుకుని, కింద టిఫిన్ చేసి, ఎండ ముదిరేలోపు ఇంటికి. 2021లో నాన్న పోయారు. ఆ మఫ్లర్ ఇప్పటికీ సీటు వెనకే ఉంది.

అసలు సంగతికి వస్తాను. మొన్న అక్టోబర్‌లో అమ్మకి రెండు మోకాళ్ళూ మార్పిడి చేశారు. వయసు 68, ఎత్తు ఐదడుగులు. వారానికి మూడు రోజులు సికింద్రాబాద్‌లో ఫిజియోథెరపీ. మొదటి రోజు బుక్ చేసిన రెండు క్యాబ్‌లూ దగ్గరిదాకా వచ్చి క్యాన్సిల్ చేశాయి, వాన మొదలైంది, అపాయింట్‌మెంట్ దాటిపోతోంది. వేరే దారి లేక స్టార్మ్ తీశాను. ఎక్కించడం ఎలాగో అయింది. ఆర్కే పురం ఫ్లైఓవర్ దిగాక ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండిని అడ్డంగా తిప్పి ఎక్కించాను, అయినా ఒకచోట కింద గీసుకుంది. క్లినిక్ ముందు ఆపాక అమ్మ లేవలేకపోయింది. కూర్చున్న చోటు మోకాళ్ళకన్నా కింద ఉంటే కాళ్ళలో బలం ఎక్కడినుంచి వస్తుంది? నేను చంకల కింద చేతులు పెట్టి ఎత్తాను, వాచ్‌మన్ నడుము పట్టుకున్నాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. కొంగు పళ్ళ మధ్య బిగపట్టుకుని ఉంది. అది చూశాక ఇక ఈ కారుతో కాదని నిర్ణయించుకున్నాను.

ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, అమ్మ, పదేళ్ళ పాప. ఇన్నాళ్ళూ స్టార్మ్, ఒక స్కూటర్, క్యాబ్‌లతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు 9 లక్షల ఆన్ రోడ్‌లో, పెట్రోల్, ఆటోమేటిక్ కావాలి, ఎందుకంటే పగటిపూట అమ్మని తీసుకెళ్ళేది నా భార్యే. నేను అనుకున్నవి మారుతి వ్యాగనార్ 1.2, టాటా పంచ్, లేదంటే బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ హోండా జాజ్. వీటిలో పెద్దవాళ్ళు ఎక్కి దిగడానికి ఏది మేలు? అసలు ఏం చూసి తేల్చుకోవాలి?

రెండో ప్రశ్న అడగడానికే కష్టంగా ఉంది. స్టార్మ్ ఉంచుకోనా, ఇచ్చేయనా?

తార్నాక ఫిజియో:

మీ అమ్మగారిలాంటి వాళ్ళని రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నాను, కారు పేరు తర్వాత చూద్దాం. ముందు అమ్మగారిని నిలబెట్టి నేల నుంచి తుంటి ఎముక వరకు టేపుతో కొలవండి. కారు ముందు సీటు అంచు ఆ ఎత్తుకి కాస్త అటూ ఇటుగా ఉండాలి. మరీ కిందుంటే లేచేటప్పుడు భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. మరీ పైనుంటే ఒంటికాలి మీద నిలబడి ఎక్కాల్సి వస్తుంది, కొత్త మోకాలితో అదీ ప్రమాదమే. అందుకే పెద్ద ఎస్‌యూవీలు మంచివని అందరూ అంటారు గానీ, ఐదడుగుల మనిషికి అవి ఒప్పవు.

రెండోది, డోర్ ఎంత తెరుచుకుంటుంది, కింద గడప ఎంత ఎత్తు, ఎంత వెడల్పు. సీటు బాగున్నా గడప వెడల్పుగా ఉంటే కాలు అంత దూరం చాచలేరు.

ఎక్కే పద్ధతి ఇది. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు భాగం కొంచెం వాల్చండి. అమ్మగారు కారుకి వీపు పెట్టి నిలబడి, సీటు అంచు కాళ్ళకి తగిలాక మెల్లగా కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పరిస్తే తిరగడం తేలికవుతుంది, బట్టల షాపు సంచి అయినా చాలు. కూర్చున్నాక ఆ కవర్ లాగేయండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు మనిషి జారుతుంది. డోర్ పట్టుకుని లేవనివ్వకండి, డోర్ కదిలితే పడిపోతారు.

పంచ్ ఓనర్, నాచారం:

మూడేళ్ళుగా పంచ్ ఏఎంటీ నడుపుతున్నాను, అంటే మామూలు గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఆటోమేటిక్. మీకు పనికొచ్చేది ఒకటే: దీని డోర్లు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. మా మామగారు చేతికర్రతో ఎక్కుతారు, కర్రతో సహా మనిషి పక్కన నిలబడటానికి చోటుంటుంది. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 187 మిల్లీమీటర్లు, కాబట్టి మీరు చెప్పిన స్పీడ్ బ్రేకర్ల బాధ ఉండదు. కార్లని గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2021లో చేసిన టెస్టులో దీనికి పెద్దల విషయంలో 5 స్టార్లు, పిల్లల విషయంలో 4 వచ్చాయి. 2023లో అదే సంస్థ వ్యాగనార్‌కి పెద్దల విషయంలో 1 స్టార్, పిల్లల విషయంలో సున్నా ఇచ్చింది. ఆ తర్వాత వ్యాగనార్‌లో ఎయిర్‌బ్యాగులు పెంచారు గానీ, వెనక పదేళ్ళ పాప కూర్చుంటుందంటే నేనైతే ఆ మాట మర్చిపోలేను.

లోపాలు కూడా చెప్పాలి. ఏఎంటీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో అది తెలుస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఒక్క క్షణం తేలిక చేస్తే గేరు మెత్తగా పడుతుంది, నా భార్యకి వారంలో అలవాటైంది. మూడు సిలిండర్ల ఇంజన్, మొదటి గేర్లో సన్నగా వణుకుతుంది. స్టార్మ్ నడిపిన చేతికి ఇది నచ్చుతుందని చెప్పలేను.

రాణిగంజ్ స్పేర్లు:

అన్నా, మీ రెండో ప్రశ్నకి నేను చెప్తా. ఉంచుకుంటే నడపాలి, నడపలేకపోతే ఇచ్చేయాలి. కవర్ కప్పి పెట్టిన బండి ఎలా చచ్చిపోతుందో నేను రోజూ చూస్తున్నా.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్. ఎథనాల్ గాలిలో తేమని లాగుతుంది. మీ బండి 2004ది, అప్పటి రబ్బరు పైపులు, సీళ్ళు దీనికోసం చేసినవి కావు. పైపులు మెత్తబడతాయి లేదా పగుళ్ళిస్తాయి. ఫైబర్ బాడీ బండిలో పెట్రోల్ లీకైతే అది ఆషామాషీ కాదు, ఫైబర్ అంటుకుంటే ఆరదు. ముందు ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పైపులన్నీ ఎథనాల్‌కి తట్టుకునే రకంవి వేయించండి. పెద్ద ఖర్చు కాదు.

ఫైబర్‌కి తుప్పు పట్టదు కదా అని చాలామంది కిందకి చూడరు. కింద ఉన్న ఫ్రేమ్ ఇనుమే. లిఫ్ట్ మీద ఎక్కించి, సీట్ల కింద, సస్పెన్షన్ బిగించే చోట సుత్తితో తట్టి చూపించుకోండి. టన్ అని మోగాలి, మొద్దుగా వినిపిస్తే అక్కడ తుప్పు తిన్నట్టు. ఆ తర్వాత టైర్లు. పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, 3217 అంటే 2017లో 32వ వారం. గాడి ఎంత ఉన్నా అంత పాత టైరు గట్టిపడిపోతుంది, వానలో పట్టు ఉండదు.

వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద నడపండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు లేకపోగా నష్టం. సైలెన్సర్‌లో, ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరి కావాలంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి. ఇంజన్ గురించి భయపడొద్దు, రెనో క్లియో, ట్వింగోల్లో వేసిందే, అడిగితే సామాన్లు తెప్పించుకోవచ్చు. అద్దం, టాప్, లైట్లు, డోర్ హ్యాండిల్స్, వాటికే కష్టం. ఎవరైనా పాత స్టార్మ్‌ని విడదీసి అమ్ముతుంటే వదలొద్దు.

సైనిక్‌పురి స్టార్మ్:

అందరికీ ధన్యవాదాలు. పైపుల మాట విని రాత్రి టార్చి వేసి చూశాను. ట్యాంకు దగ్గరి పైపు వంచితే వెంట్రుకంత పగుళ్ళు కనిపించాయి. వేలు పెట్టి వాసన చూస్తే పెట్రోలే. ఆ బండిలోనే అమ్మని కూర్చోబెట్టాను. రాత్రంతా అదే గుర్తొచ్చింది. బ్యాటరీ వైరు తీసేశాను, శనివారం పైపులు మార్పిస్తున్నాను.

జాజ్ ఆలోచన పక్కన పెట్టాను. మా వీధిలో ఒకాయన దగ్గర ఉంటే అమ్మని కూర్చోబెట్టి చూశాం. అందులోది సీవీటీ, అంటే గేరు మారే కుదుపు లేని ఆటోమేటిక్, నడక వెన్నలా ఉంది, నాకు బాగా నచ్చింది, కానీ సీటు అమ్మకి కిందుంది. పైగా 2023లో ఆ కారు ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికేదాకా ఆగే టైమ్ నాకు లేదు.

ఇంకో సందేహం. రెండు కార్లు ఉంటే ట్యాక్స్ ఎక్కువంటున్నారు, నిజమేనా?

లెక్కలు, ఉప్పల్:

నిజమే. తెలంగాణలో ఒకే మనిషి పేరు మీద రెండో కారు కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనంగా పడుతుంది. కొత్తది మీ భార్య పేరు మీద తీసుకోండి, ఆవిడ పేరు మీద వేరే బండి లేకపోతే ఆ భారం ఉండదు. రోజూ నడిపేదీ ఆవిడే అన్నారు కదా.

పాత బండి లెక్క. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు, తర్వాత ఐదేళ్ళకొకసారి రెన్యూవల్. 2004ది కాబట్టి 2019లో, 2024లో చేయించి ఉంటారు, మళ్ళీ 2029లో. 20 ఏళ్ళు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజుని 2025 ఆగస్టులో కేంద్రం 5 వేల నుంచి 10 వేలకి పెంచింది. పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇంటి ముందు నిలబెట్టినా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఢిల్లీలో 15 ఏళ్ళ పెట్రోల్ బండ్ల మీద పెట్టిన లాంటి నిషేధం మన దగ్గర లేదు, ఆ భయంతో అమ్మకండి.

కొత్త కారుకి మీ టైమ్ బాగుంది. 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న కార్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. మీరు చూస్తున్నవి ఆ లెక్కలోకే వస్తాయి. సొంత ఇల్లు, ఛార్జింగ్ పెట్టుకునే వీలు ఉంటే ఈవీ (కరెంటు కారు) కూడా ఒకసారి చూడండి, 2026 డిసెంబర్ 31 వరకు మన రాష్ట్రంలో వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. బడ్జెట్ కాస్త పెరుగుతుంది.

సైనిక్‌పురి స్టార్మ్:

ఆదివారం రెండు షోరూమ్‌లకీ అమ్మని తీసుకెళ్ళాం. టేపు, ప్లాస్టిక్ సంచి కూడా పట్టుకెళ్ళాను. మొదటి చోట సేల్స్ అబ్బాయి స్క్రీన్, సన్‌రూఫ్ గురించి చెప్తూనే ఉన్నాడు. అమ్మ మాత్రం చేత్తో సీటు అంచుని తడుముతూ ఉంది.

వ్యాగనార్ సీటు అమ్మ తుంటికి సరిగ్గా సరిపోయింది. వెనక్కి ఒరిగి కూర్చుంది, కాళ్ళు తిప్పింది, అంతే. దిగడం కూడా తనంతట తానే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పంచ్ సీటు అంతకన్నా పిడికిలంత ఎత్తులో ఉంది. డోర్ తెరుచుకునే తీరు నాచారం ఆయన చెప్పినట్టే ఉంది, నేను పక్కన నిలబడి చెయ్యి ఇవ్వగలిగాను. దిగడం పంచ్‌లోనే తేలిక, ఎక్కడానికి మాత్రం మడమలు లేపాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి నా భార్య, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. అమ్మ మోకాళ్ళు ఇంకో ఆరు నెలల్లో గట్టిపడతాయి, పాప వెనక సీట్లో ఎనిమిదేళ్ళు కూర్చోవాలి. పంచ్ ఏఎంటీ నా భార్య పేరు మీద బుక్ చేశాం. ఆ పిడికిలి ఎత్తుకి ఉపాయం అమ్మే చెప్పింది. వంటింట్లో పప్పు రుబ్బేటప్పుడు కూర్చునే టేకు పీట ఉంది, అది డిక్కీలో పెట్టుకుందాం అంది. తార్నాక గారూ, పీట మీద నిలబడి ఎక్కవచ్చా?

స్టార్మ్ ఉంటుంది. పైపులు మార్చాను, ఫ్రేమ్ టన్ మనే మోగింది. టైర్లు 2016వి, వచ్చే నెల జీతానికి మారుస్తాను. వారానికి అరగంట బండి నడపాలని ఎలాగూ అన్నారు కదా, ఆదివారం కీసర దాకా వెళ్తాను.

తార్నాక ఫిజియో:

ఎక్కవచ్చు. కానీ పీట నాలుగు అంగుళాలకన్నా ఎత్తు ఉండకూడదు, రెండు పాదాలూ పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి. కింద నాలుగు మూలలా రబ్బరు అంటించండి, పైన పాత డోర్ మ్యాట్ ముక్క కొట్టండి. నున్నటి టేకు మీద తడి కాలు జారుతుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. రెండు కాళ్ళకీ చేశారు కాబట్టి ఏది బలంగా ఉందో అమ్మగారినే అడగండి. మొదటి నాలుగైదు సార్లు మీరు పక్కనే ఉండండి.