‘పల్లెనాటి సీమ’: పల్లెనా, పలనా? షైర్‌కి ఏ మాట?

ఏటిగట్టు: టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో హాబిట్లుండే దేశం ‘షైర్’కి తెలుగు మాట వెతుకుతుంటే పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పిన చాటువు ఆఖరి పాదం వదలడం లేదు: ‘...నాటి సీమ పల్లెటూళ్ళు’. మొదట ‘పల్లె’నా, ‘పల’నా? నాడు, సీమ రెండూ అందులోనే ఉన్నాయి, దేన్ని తీసుకోవాలి? ‘షైర్’ అనే ఉంచమనకండి. ఆ పేరును అర్థాన్ని బట్టి మార్చుకోవాలని అనువాదకులకు రాసిన సూచనల్లో టోల్కీనే చెప్పాడు.

తేటగీతి: పల్లెనాటి. ఆటవెలది సరిపాదంలో అయిదూ సూర్యగణాలే. పల్లె, నాటి, సీమ, పల్లె, టూళ్ళు: అన్నీ గలాలు, అంటే గురువు తర్వాత లఘువు. ‘పలనాటి’ అంటే మొదట్లోనే లలగ పడి గణం చెడుతుంది. ‘పల్నాటి’ అంటే రెండు గురువులు, అదీ కుదరదు.

పాతచింత: అది పద్యానికి పట్టిన నియమం, ఊరి పేరుకు కాదు. శ్రీనాథుడి పేరుతోనే చెప్పుకునే కందంలో ‘రసికుడు పోవడు పల్నా’ అనే ఉంది. అక్కడ గగం (రెండు గురువులు) చెల్లుతుంది కాబట్టి ఆ రూపం వచ్చింది. ఆ పేరుకు మూలం పల్లవనాడు అనేవాళ్ళున్నారు, పాలనాడు అనేవాళ్ళున్నారు. ఆ తెల్లని సున్నపురాయి చూస్తే నా ఓటు పాలకే.

తేటగీతి: పాలలో దీర్ఘం ఎటు పోయిందండీ? పల్లె అయితే ఎత్వం జారితే చాలు, పల్‌నాడు వచ్చేస్తుంది.

మొల్లపూలు: అసలు ప్రశ్నకు రండి. షైర్ ఒంటరిగా నిలిచే మాట. ‘నాడు’ అలా నిలవదు. విభక్తికి ముందు వచ్చే ఔపవిభక్తికం చేరగానే ‘నాటి’ అవుతుంది. ‘నాటివాళ్ళు’ అంటే పూర్వీకులనుకుంటారు, ‘నాటి కబుర్లు’ అంటే పాత కబుర్లు. వెలనాడు, రేనాడు, పాకనాడు అని ముందు ఏదో ఒకటి తగిలిస్తేనే దేశవాచకంగా వినిపిస్తుంది. ‘సీమ’కు ఆ చిక్కు లేదు: సీమలో, సీమకు, సీమవాళ్ళు.

పాతచింత: ‘సీమవాళ్ళు’ అంటే ఇప్పుడు ఎవరు? 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు గారు దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టాక ఒట్టి సీమ ఆ ప్రాంతానిదే అయిపోయింది. అంతకుముందు సీమ అంటే ఇంగ్లండు: సీమదొర, సీమసరుకు.

మొల్లపూలు: షైర్‌కి నమూనా విక్టోరియా రాణి వజ్రోత్సవం, అంటే 1897 నాటి వార్విక్‌షైర్ పల్లె. అలా చూస్తే పాత అర్థమే అతుకుతుంది.

ఏటిగట్టు: ‘మండలం’?

మొల్లపూలు: వద్దు. 1985 నుంచి ఆ మాటలో ఎమ్మార్వో ఆఫీసే కనిపిస్తుంది. ప్రాంతం అనే అర్థమున్న జర్మన్ ‘గౌ’ సంగతీ ఇంతే. పాత మాటే, హిట్లర్ కాలపు ప్రాంత విభజనకు వాడటంతో చెడి ఉండకపోతే సరిపోతుందని టోల్కీన్ సూచనల్లోనే ఉంది. చివరికి జర్మన్ అనువాదంలో ఏటిపచ్చిక నేల అనే అర్థమిచ్చే పేరు పెట్టారు.

పాతచింత: పద్యం మాత్రం పల్నాటికి తిట్టు. షైర్ మీద ఉన్నది ప్రేమ.

తేటగీతి: తిట్టే, కానీ ఏం లెక్కపెట్టాడో చూడండి. రాళ్ళు, నాగులేటి నీళ్ళు, సజ్జజొన్న కూళ్ళు. షైర్‌నీ అలాంటివాటితోనే గుర్తుపడతాం: పుట్టగొడుగులు, పొగాకు, తోట. శత్రువు దేశం మోర్డోర్‌లో, షైర్ తోటమాలి శామ్‌ను మాయ ఉంగరం ఊరించినప్పుడు అతన్ని నిలబెట్టింది యజమాని మీది ప్రేమ, దాంతోపాటు తన చేత్తో సాగుచేసుకునే చిన్న తోట చాలన్న ఎరుక. కోటలూ రత్నాలూ ఉన్న దేశానికి ఈ పద్యం అతకదు. అందుకే నా మాట ‘పల్లెసీమ’.

మొల్లపూలు: అది పాఠ్యపుస్తకాల్లో అరిగిపోయిందండీ. పైగా షైర్ ఒక పల్లె కాదు, తూర్పు పడమరలు నలభై లీగులు.

ఏటిగట్టు: సరే, షైర్‌లోని నాలుగు భాగాలు, ఆ ఫార్దింగుల మాటేమిటి? నాలుగోవంతు కదా, ‘పాదం’ అంటే? తూర్పుపాదం, ఉత్తరపాదం...

తేటగీతి: దక్షిణపాదం దగ్గర కుడికాలు అయిపోతుంది. ‘పావు’ చూడండి. పెన్నీలో నాలుగోవంతు కూడా ఫార్దింగే, మనకు పావలా ఉంది. తూర్పుపావు, పడమటిపావు, వడపావు...

పాతచింత: వడపావు తినేదండీ. ‘ఉత్తరపు పావు’ అనండి. ఇంతకీ పాలనాడులో దీర్ఘం సంగతి, ఒక శాసనపాఠం వెతికి రేపు పెడతాను.