హైస్కూల్ పిల్లలకు ఏ సైటు నమ్మాలో ఎలా నేర్పాలి?

ప్రశ్న: చెక్‌లిస్ట్ ఇస్తే పిల్లలు అన్నిటికీ టిక్కులు పెట్టేసి నకిలీ సైటు కూడా మంచిదే అంటున్నారు. రచయిత పేరుంది, తేదీ ఉంది, డాట్ ఆర్గ్ ఉంది, ఇంకేం కావాలని అడుగుతారు. 45 నిమిషాల పీరియడ్‌లో ఏం చేయించవచ్చు?

జవాబు 1: లోపం చెక్‌లిస్ట్‌లోనే ఉందండి. అది పిల్లల్ని ఆ పేజీలోనే కూర్చోబెడుతుంది, సైటు తన గురించి తాను చెప్పుకున్నదే సాక్ష్యమైపోతుంది. డాట్ ఆర్గ్ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. పేజీ చదవకముందే కొత్త ట్యాబ్ తెరిపించండి. సంస్థ పేరు వెతికి, ఇతరులు దాని గురించి ఏమంటున్నారో చూడాలి. మొదటి ఫలితాన్ని వెంటనే నొక్కనివ్వకండి. కింది వరకూ చదివి, ఏది తెరవాలో, ఎందుకో చెప్పించండి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వైన్‌బర్గ్, మెగ్రూ గమనించిన ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజానిజాలు తేల్చేవారు) చేసిందిదే. అదే పనిలో చరిత్ర ప్రొఫెసర్లు కొందరు పేజీలోనే ఉండిపోయి బోల్తాపడ్డారు!

జవాబు 2: అభ్యాసానికి మంచి సైట్ల జంట: అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (స్థాపన 1930), అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్ (స్థాపన 2002). పేర్లు దగ్గర, సైట్లు రెండూ హుందాగా ఉంటాయి. మొదటిది వేలాది పిల్లల వైద్యుల సంఘం, రెండోది దానితో విభేదించినవారు పెట్టిన చిన్న బృందం. ఏది ఎక్కువ నమ్మదగినదో పిల్లల్నే తేల్చమని 5 నిమిషాలు టైమర్ పెట్టండి.

జవాబు 3: ఒక జాగ్రత్త. ఎప్పుడూ నకిలీలే చూపిస్తే పిల్లలు దేన్నీ నమ్మరు, అది ఇంకా ప్రమాదం. సగం నమ్మదగినవి కలపండి. మార్కులు తీర్పుకు కాదు, వెతికిన దారికి వేయండి.