రాలి మొలిచే పూలమొక్కలు: ముద్దబంతి గింజకి రేకబంతి వస్తోంది, పంచడానికి ఏ విత్తనం నమ్మొచ్చు?

మిద్దెతోట_ఉప్పల్:

అందరికీ నమస్కారం. మిద్దె మీద 12×12 అంగుళాల గ్రోబ్యాగులు, ఎర్రమట్టి, కోకోపీట్, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో. ఏటా నారు కొనే పని లేకుండా, రాలిన గింజతో తిరిగి మొలిచే పూలమొక్కలే ఎక్కువ ఉంచాలని ఉంది. తొలకరికి కాలనీలో విత్తనాలు పంచుకోవాలని కూడా అనుకుంటున్నాం. కానీ ముద్దబంతి పూలు ఎండబెట్టి చల్లితే సగం పైగా రేకబంతి వచ్చింది. బాల్సం కిందటేడు విరగబూసిన బ్యాగులోనే ఈసారి ఒక్క మొలక లేదు. శంఖుపూల గింజల్లో ఒకటి మొలిస్తే నాలుగు రాళ్లలా మట్టిలోనే ఉంటున్నాయి. కనకాంబరం అసలు గింజే కట్టట్లేదు. ఎందుకిలా? నలుగురికీ ధైర్యంగా ఇవ్వదగ్గ విత్తనం ఏది?

తోటపని_తెనాలి:

ముందు బంతి సంగతి. బంతిపువ్వులో ఒక్కో రేకూ ఒక్కో చిన్న పువ్వే. అంచు రేకులకి గింజ కట్టే భాగం ఉంటుంది కానీ పుప్పొడి ఉండదు. పుప్పొడి మధ్యలో గొట్టాల్లా ఉండే చిట్టి పూలది. బాగా ముద్దకట్టిన పువ్వులో ఆ గొట్టాలు దాదాపు ఉండవు కాబట్టి గింజ కట్టాలంటే పుప్పొడి పక్క మొక్క నుంచి రావాలి. పక్కన ఉన్నది రేకల మొక్క అయితే ఫలితం మీరు చూసిందే. దీనికి తోడు నర్సరీల్లో వచ్చే బంతి చాలావరకు హైబ్రిడ్. దాని గింజకి పోలికలు చెదిరిపోతాయి.

అలాగని మానేయక్కర్లేదు. మొదటి మొగ్గ విచ్చగానే రేకగా వచ్చిన మొక్కని పీకి దూరంగా పెట్టండి. బాగున్న ఐదారు మొక్కలనే ఒకచోట చేర్చి, వాటి మొదటి, రెండో కాపు పూలే విత్తనానికి వదలండి. రెండు మూడేళ్లు ఇలా ఏరుకుంటే ముద్దవే ఎక్కువవుతాయి. పువ్వు కింది తొడిమ గోధుమరంగుకి తిరిగాక కోయాలి. వానలో చెట్టునే వదిలితే లోపల బూజు పడుతుంది. కోసినవి నీడలో ఐదురోజులు ఆరనిచ్చి విడదీసి చూడండి. గింజ నల్లగా, వేళ్ల మధ్య గట్టిగా తగిలితే పనికొస్తుంది. గడ్డిపోచలా వంగితే తాలు. చాలామంది తాలు గింజలే చల్లి మొలవలేదంటారు.

శంఖుపూలది వేరే కథ. దాని పెంకు నీటిని లోపలికి రానివ్వదు. గింజ కన్నుకి (కాయకి అతుక్కున్నచోట ఉండే మచ్చకి) ఎదురువైపు గోళ్లు కత్తిరించే కట్టర్‌తో పెంకు మాత్రం చిటికెడు తీసి, రాత్రంతా నీళ్లలో వేయండి. పొద్దున్నకి ఉబ్బినవి సెంటీమీటరు లోతున నాటండి. ఉబ్బనివాటికి మళ్లీ గాటు పెట్టాలి. మట్టిలో పడి ఉన్నవి చచ్చిపోలేదు, పెంకు మెత్తబడ్డప్పుడు ఒక్కొక్కటే మొలుస్తాయి.

పంచడానికైతే శంఖుపూలు, కాశీరత్నం, చంద్రకాంత, పాతరకం బిళ్లగన్నేరు, సీతజడ మొహమాటం లేకుండా ఇవ్వండి. చంద్రకాంతలో రంగులు కలిసే అవకాశం కొంత ఉంది, ఎరుపుకీ తెలుపుకీ కలిస్తే పిల్లలు గులాబీ రంగులో వస్తాయి. ఒక్క జాగ్రత్త: చంద్రకాంత గింజ అచ్చం మిరియంలా ఉంటుంది, విషం. ఆ పొట్లాన్ని వంటింటి దరిదాపుల్లోకి రానివ్వకండి. బిళ్లగన్నేరు కూడా మొక్క మొత్తం విషమే.

పూలబాట_సిద్దిపేట:

బాల్సం మీద నేను చెప్తాను. ఆ కాయ పండగానే ముట్టుకుంటే పేలి గింజల్ని అడుగుల దూరం విసురుతుంది. నేల మీదైతే అవి పక్క మడిలో పడి మొలుస్తాయి. మిద్దె మీద శ్లాబు మీద పడి చీపురుకి పోతాయి. బ్యాగులో పడ్డ కాసిని గింజలు కూడా ఎండాకాలంలో మట్టి తిరగేసి ఎరువు కలిపినప్పుడు అడుక్కి చేరతాయి. అంత లోతు నుంచి చిన్న గింజ పైకి రాలేదు.

అందుకని ఒకటి రెండు బ్యాగుల్ని విత్తన బ్యాగులుగా పక్కన పెట్టండి. చివరి కాపు కోయకండి. కాయ బొద్దుగా అయి ముదురు పచ్చ నుంచి లేత పచ్చకి తిరిగినప్పుడు, ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్టులకి ఇచ్చే వలసంచి కొమ్మకి తొడిగి తాడు బిగించండి. గింజలు సంచిలోనే పడతాయి. ముదురు గోధుమరంగు గింజే పండింది, తెల్లగా ఉన్నది పచ్చిది. కొన్ని గింజలు ఆ బ్యాగులోనే చల్లేయండి.

తల్లి మొక్క ఎండాక పీకొద్దు, మొదలు దగ్గర కత్తిరించండి. వేరు పీకితే మట్టి తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బ్యాగుని గోడ నీడకి జరిపి, ఎండుటాకులు కప్పండి. మే ఆఖరున ఆకులు తీసి, జల్లించిన ఎరువు అర అంగుళానికి మించకుండా పరిచి, పైన నీళ్లు చిలకరించండి, పోయకండి. కోకోపీట్ మూడోవంతు ఉన్న మిశ్రమం ఎండాక పైన అట్టకడుతుంది, వేలితో గీకి పొడి చేయాలి. పనంతా ఇంతే.

మొలకలు గుత్తుగా వస్తే నారుకుళ్లు తెగులు పట్టేస్తుంది. కాండం నేలమట్టం దగ్గర నల్లబడి దారంలా సన్నబడి, మొక్క సాయంత్రానికి పడిపోతుంది. పడ్డవి తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగుళ్ల మందు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. రెండు రోజులు నీళ్లు ఆపండి. నాలుగాకులప్పుడే బ్యాగుకి మూడు మొక్కలు ఉంచి మిగతావి మట్టితో సహా తీసి సాయంత్రం పూట వేరే చోట నాటుకోవాలి. ఈ మిగులు నారే కాలనీలో పంచడానికి అన్నిటికన్నా తేలిక.

మరో మాట: రాలిన గింజల మొలకల్లో వయ్యారిభామ కలుపు దూరుతుంది. చీలిన ఆకులు చూసి బంతో, కాస్మోసో అనుకుని పెంచేస్తారు. వయ్యారిభామ లేత మొక్క ఆకులు నేలకి అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి, నూగు ఉంటుంది. బంతి మొలక నిటారుగా లేస్తుంది, ఆకు నలిపితే బంతి వాసన కొడుతుంది. అనుమానమైతే నలిపి చూడండి. పూత రాకముందే పీకేయాలి.

బతుకమ్మకి గునుగు కావాలంటే దాన్ని డ్రమ్ములో వేసుకోవచ్చు. జూన్‌లో చల్లితే దసరా నాటికి పూస్తుంది. పువ్వు ఎండాక కాగితం మీద దులిపితే నల్లగా మెరిసే సన్న గింజ రాలుతుంది. కాకపోతే పొలాల్లో అది కలుపు. పక్కన చేను ఉన్నవాళ్లకి ఆ పొట్లం ఇవ్వకండి, తిట్టుకుంటారు.

మిద్దెతోట_ఉప్పల్:

తెనాలి గారూ, సిద్దిపేట గారూ, చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. కనకాంబరం మాత్రం మిగిలిపోయింది. మొక్క ఆరోగ్యంగానే ఉంది, ఏడాది పొడవునా పూస్తుంది, కంకి ఎండాక విప్పితే లోపల ఏమీ లేదు.

కనకాంబరం_కడియం:

మీది నారింజ, గులాబీ కలిసిన రంగులో, పెద్ద పువ్వుల ఢిల్లీ కనకాంబరం అయ్యుండాలి. అది ట్రిప్లాయిడ్ రకం, అంటే క్రోమోజోములు రెండు సెట్లకి బదులు మూడు ఉన్నది, గింజ కట్టదు. కత్తిరింపులతోనే పెంచాలి: నాలుగు అంగుళాల కొమ్మ కొన, కింది ఆకులు తీసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నీడన పెట్టండి. నులిపురుగులు పట్టి వేళ్లకి బుడిపెలు ఉన్న మొక్క నుంచి మాత్రం మట్టితో సహా ఎవరికీ ఇవ్వకండి, వాళ్ల బ్యాగులన్నిటికీ అంటుకుంటుంది.

విత్తనం కావాలంటే మామూలు నారింజరంగు రకం పెట్టుకోండి. దాని కాయ తడి తగిలితే పేలుతుంది. తొలివానకి అంతా ఎగిరిపోకముందే ఎండిన కంకులు కోసి, మూతగిన్నెలో వేసి నీళ్లు చిలకరించి మూత పెట్టండి. కాసేపట్లో లోపల టప్‌టప్‌మని పేలతాయి. తడిసిన గింజ దాచకూడదు, వెంటనే నాటాలి. దాచాలనుకుంటే పొడికాయల్నే డబ్బాలో ఉంచండి. మొలకకి మూడు వారాలైనా ఆగాలి, ఈలోపు బ్యాగు తిరగేయకండి.

విత్తనపొట్లం:

దాచడం గురించి ఎవరూ చెప్పలేదు. జిప్ కవర్లలో వేసి పంచుతున్నారు, అది వద్దు. సరిగ్గా ఆరని గింజ ప్లాస్టిక్‌లో చెమర్చి బూజు పడుతుంది. కాగితం పొట్లాలే కట్టండి, పొట్లాలన్నీ కలిపి గాజు సీసాలో, అడుగున వేయించి చల్లార్చిన గుప్పెడు బియ్యం వేసి బిగించండి. పొట్లం మీద మొక్క పేరు, రంగు, ముద్దదో రేకదో, కోసిన నెల, ఏడాది రాయాలి. పేరొక్కటే ఉన్న పొట్లం తీసుకున్నవాళ్లకి ఉపయోగం తక్కువ. బాల్సం ఇరవై గింజలు, శంఖుపూలు ఐదారు చాలు. టేబుల్ రోజ్, సీతజడ గింజలు ధూళిలా ఉంటాయి, చిటికెడు గింజకి రెండు చెంచాల పొడి ఇసుక కలిపి ఇస్తే చల్లేటప్పుడు ఒకేచోట పడవు. వాటి మీద మట్టి కప్పొద్దని కూడా రాయండి, వెలుతురు తగిలితే బాగా మొలుస్తాయి. పంచేముందు పది గింజలు తడి టిష్యూలో చుట్టి వారం చూడండి. ఆరుకి తక్కువ మొలిస్తే ఆ సంగతి పొట్లం మీద రాసి రెట్టింపు గింజలు వేయండి.

పెరడు_డల్లాస్:

మధ్యలో వస్తున్నాను. ఇక్కడ మేం బాల్సం, కాశీరత్నం కోసం మొహం వాచి ఉన్నాం. ఊరునుంచి మామూలు కవర్లో పోస్టు చేయించుకోవచ్చా?

విత్తనపొట్లం:

అలా చేయించుకోకండి, కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు. అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర చిన్న మొత్తాల విత్తనాలకి వేరే అనుమతి ఉంది. దానికి దరఖాస్తు పెట్టాల్సింది మీరే, పంపేవాళ్లు కాదు. ఒక్కో ప్యాకెట్‌లో ఒకే రకం, 50 గింజలు లేదా 10 గ్రాములకి మించకూడదు, మీద శాస్త్రీయనామం ఉండాలి. బాల్సం అయితే ఇంపేషన్స్ బాల్సమినా, కాశీరత్నం ఐపోమియా క్వామోక్లిట్. అనుమతితోపాటు వచ్చే లేబుళ్లు ఇండియాకి పంపితే కవరు మీద అవే అంటించాలి, అది ముందు తనిఖీ కేంద్రానికి వెళ్లి తర్వాత మీకు వస్తుంది. గింజల్లో మట్టి, పొట్టు, బూడిద ఏమీ ఉండకూడదు. మన ఇళ్లలో బూడిద కలిపి దాస్తారు కదా, ఆ విత్తనాన్ని జల్లెడ పట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి మరీ ప్యాక్ చేయించండి.